ముకుతాడు లేని కణం

చిత్తూరుకు దాదాపు గంట ప్రయాణంలో ఉన్న వేలూరును మా పక్క పెద్దవాళ్లు రాయవేలూరనే అంటారు. 1986లో డాక్టర్ సునీతి సాలమన్ బృందం చెన్నైలో సేకరించిన రక్త నమూనాలను అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ)లోనే పరీక్షించారు. ఆరు నమూనాలు పసుపు రంగుకు తిరిగాయి. దేశంలో హెచ్‌ఐవీ బయటపడింది అలాగే. ఇరవై ఏళ్లకు, అదే కాలేజీలో వైద్యం చదివి అమెరికాలో స్థిరపడిన అజిత్ వార్కి బృందం ఈ వైరస్ చుట్టూ ఉన్న ఒక పాత చిక్కుముడిని కదిపింది.

చిక్కుముడి ఇది. 1980ల నుంచి అమెరికా ప్రయోగశాలల్లో వందకు పైగా చింపాంజీలకు హెచ్‌ఐవీ ఎక్కించారు. వైరస్ పట్టుకుంది, యాంటీబాడీలూ పుట్టాయి. అయినా చాలావాటిలో సీడీ4 కణాలు (రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాల్లో ఒక రకం) పడిపోలేదు, ఎయిడ్స్ రాలేదు.

మనిషిలో ఆ కణాలను వైరస్ ఒక్కటే చంపదు. నెలల తరబడి, ఏళ్ల తరబడి రెచ్చిపోయి ఉండే రోగనిరోధక వ్యవస్థ కూడా తన కణాలను తానే అరగదీసుకుంటుంది. సోకిన చింపాంజీల్లో ఈ రెచ్చిపోవడం అంతగా కనిపించలేదు. వార్కి బృందం 2006లో టీ కణాల పైపొరను పోల్చి చూసింది. కణం ఆవేశాన్ని అదుపులో పెట్టే సిగ్లెక్ అనే ప్రొటీన్లు చింపాంజీ కణాలపై ఉన్నాయి, మన కణాలపై దాదాపు లేవు. ఎద్దుకు ముకుతాడు ఎలాగో కణానికి సిగ్లెక్ అలాగ. వాళ్లు అంతటితో ఆగలేదు. చింపాంజీ కణాలపై సిగ్లెక్-5ను తొలగిస్తే స్పందన పెరిగింది. మానవ కణాల్లో దాన్ని చేరిస్తే తగ్గింది. ఇలా రెండు వైపుల నుంచీ సరిచూసిన ప్రయోగమంటే నాకు గురి ఎక్కువ.

కానీ అదంతా గాజు పాత్రలో జరిగింది. అడవి కథ వేరు. టాంజానియాలోని గోంబే అడవిలో, హెచ్‌ఐవీకి మూలమైన ఎస్‌ఐవీ సోకిన చింపాంజీలకు చావు ముప్పు 10 నుంచి 16 రెట్లు ఎక్కువని 2009లో తేలింది. చనిపోయిన కొన్నింటిలో సీడీ4 కణాలు బాగా తరిగిపోయి ఉన్నాయి. అంటే ముకుతాడు ఉన్నా రక్షణ దొరకలేదు. ప్రయోగశాలలోనూ సీ499 అనే చింపాంజీకి పదేళ్ల తర్వాత ఎయిడ్స్ వచ్చింది. కాబట్టి 'చింపాంజీలకు ఎయిడ్స్ రాదు' అన్న మాట చెల్లదు. మనిషికి అలవాటుపడిన వైరస్ వాటి ఒంట్లో సరిగా కుదురుకోలేదా, వాటి కణాలే నిగ్రహంగా ఉన్నాయా? నా అంచనాలో రెండూ కొంత కొంత.

ఇంకో చిక్కుంది. చింపాంజీలకు హెచ్‌ఐవీ ఎక్కించిన ఆ ప్రయోగాల్లో ఎక్కువగా వాడింది బి రకం వైరస్. మన దేశంలో ఎక్కువగా ఉన్నది సి రకం. చింపాంజీలపై ఇలాంటి పరిశోధనలకు అమెరికా 2015లో స్వస్తి చెప్పింది. అది సబబే.

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ హెచ్‌ఐవీని అణిచే ఏఆర్‌టీ మందులు క్రమంగా వాడే మనిషి చేతిలోని రిపోర్టులో సీడీ4 కౌంట్ ఉంటుంది, వైరల్ లోడ్ ఉంటుంది. వైరస్ 'కనపడలేదు' అని రాసి ఉన్నా, రోగనిరోధక వ్యవస్థ రెచ్చిపోవడం వల్ల కలిగే లోపలి రాపిడి కొంత మిగిలే ఉండొచ్చు. దాని కొలత మాత్రం ఆ కాగితం మీద ఉండదు.