సున్నా చెక్కిన కెమెరా

మొన్న వేసవిలో చెదలమందు కొట్టేవాళ్లు వస్తున్నారని ఇంట్లో అలమరాలన్నీ ఖాళీ చేయాల్సొచ్చింది. నా అలమరాలోంచి తీసినవన్నీ మా ఆవిడ పక్కగదిలో దుప్పటి పరిచి వరసగా పేర్చింది. పొట్టివి ముందు, పొడుగువి వెనక. పేర్చడం అయ్యాక నడుం మీద చెయ్యి పెట్టుకుని ఒకసారి చూసి, "ఏమండీ, ఈ ఏడు బొమ్మల కొలువులో వీటినే పెట్టేద్దామా?" అంది. లెక్కపెట్టాను. లెన్సులు 23. కెమెరాలు 3. అందులో పనిచేసేది ఒక్కటే.

నెల్లూరులో బ్యాంకు గుమాస్తాగా చేరి, అక్కడే ఆఫీసరుగా రిటైరైన వాణ్ణి. ఫోటోలు నాకు కూడు పెట్టలేదు. ఒక కన్ను మూసి ఇంకో కంటితో చూసి మీట నొక్కే మనిషికి 23 ఎందుకు? ఆవిడ ఆ మాట అడగలేదు, నేనే అడుక్కున్నాను. చెదలమందు వాసన పోయేదాకా వరండాలో కూర్చుని ఆలోచిస్తే, ఈ జబ్బు నాతో మొదలైంది కాదనీ, దీనికి వంశవృక్షం ఉందనీ అర్థమైంది.

మొదట్లో లెన్సు మీద మోజు లేదు, అవసరమే ఉండేది. 1839లో డాగేర్ తన పద్ధతిని బయటపెట్టినప్పుడు ఆ కెమెరాల లెన్సు మహా మందకొడిది. బొమ్మ పడాలంటే మనిషి ఎండలో నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాలి. మరుసటి ఏడు వియన్నాలో లెక్కల ప్రొఫెసరు జోసెఫ్ పెట్జ్‌వాల్ కాగితం మీద లెక్కలు కట్టి కొత్త లెన్సు తయారుచేశాడు. ఫిరంగిదళంలో లెక్కలు బాగా వచ్చిన సైనికుల్ని ఆయనకి సాయంగా ఇచ్చారట. పాత లెన్సు కన్నా పదిహేను రెట్లకు పైగా వెలుతురు లోపలికి రానిచ్చేది అది. మనుషుల ముఖాలు తీయడం ఒక వ్యాపారమైంది ఆ లెన్సు వల్లే. దాన్ని తయారుచేసి అమ్మిన ఫాయిగ్ట్‌లాండర్ బాగా గడించాడు. పెట్జ్‌వాల్‌కి ఒక్కసారి ముట్టిందే ముట్టింది. ఇద్దరికీ తగాదా వచ్చి, ఆ ప్రొఫెసరు చేదు మింగే పోయాడు. డబ్బు పెట్టెలో లేదు, దాని ముందున్న గాజులో ఉందని లోకానికి మొదట తెలిసింది అప్పుడే.

సికింద్రాబాదులో స్టూడియో నడిపి, ఆరో నిజాముకి ఆస్థాన ఫోటోగ్రాఫరైన లాలా దీన్‌దయాళ్ కాలం దాకా కెమెరా అంటే చెక్కపెట్టె. ముందుపలక మీద ఇత్తడి గొట్టం లాంటి లెన్సు బిగించేవారు. పలక మారిస్తే లెన్సు మారినట్టే. మనిషి ముఖానికి ఒకటి, కోటలకీ గుళ్లకీ ఇంకొకటి. వడ్రంగి దగ్గర బాడిసె ఉన్నట్టు, ఉలి ఉన్నట్టు ఉండేవి. ఏ వడ్రంగీ ముచ్చటపడి పది బాడిసెలు కొనడు.

మరి ముచ్చట ఎక్కడ మొదలైంది? నన్నడిగితే తేదీతో సహా చెబుతాను: 1931, జర్మనీలో వెట్జ్‌లార్ ఊరు.

అక్కడి లైట్జ్ కంపెనీలో ఓస్కార్ బార్నాక్ అనే ఆయన సినిమా ఫిల్ముతో పనిచేసే చిన్న కెమెరా చేశాడు. 1925లో లైకా అన్న పేరుతో అది అమ్మకానికి వచ్చింది. దానికి ఒకటే లెన్సు, 50 మిల్లీమీటర్లది. ఊడదు. కొన్నవాడు ఇక మారు ఆలోచన లేకుండా బొమ్మలు తీసుకున్నాడు. 1930లో లెన్సు తిప్పి ఊడదీసుకునేలా 39 మిల్లీమీటర్ల మరచుట్టు పెట్టారు. అయితే ఒక చిక్కు ఉండేది. లెన్సుకీ ఫిల్ముకీ మధ్య దూరం అన్ని కెమెరాల్లో ఒకేలా లేదు. అందుకని ఏ లెన్సునైనా ఫ్యాక్టరీలోనే ఫలానా కెమెరాకి సరిచూసి, ఆ కెమెరా నంబరులోని చివరి అంకెలు దాని మీద చెక్కి పంపేవారు. జాతకాలు చూసి పెళ్లి చేసినట్టన్నమాట. వేరే కెమెరాకి పెడితే కాపురం కుదరదు.

మరుసటి ఏడు ఆ దూరాన్ని 28.8 మిల్లీమీటర్లకి స్థిరం చేశారు. ఇక ఏ లెన్సైనా ఏ కెమెరాకైనా సరిపోతుంది. అలా సరిచేసిన కెమెరాలకి గుర్తుగా లెన్సు బిగించే చుట్టు మీద ఒక సున్నా చెక్కారు. నలుసంత సున్నా. అంతకుముందు కెమెరా కొనడం ఒక్కసారితో తీరే పని. ఆ సున్నా పడ్డాక కెమెరా కొనడమంటే తలుపు తెరిచి పెట్టుకోవడమే.

ఆ తలుపులోంచి ఏమేం వచ్చాయో చూడండి. 35, 73, 90, 135. 1932లో కొండలెక్కేవాళ్ల కోసమని తేలికపాటి 105 మిల్లీమీటర్ల లెన్సు ఒకటి, దాని పేరే 'మౌంటెన్ ఎల్మార్'. అదే ఏడాది జైస్ ఐకాన్ వాళ్లు కాంటాక్స్ కెమెరా దింపారు. దానికి లుడ్విగ్ బెర్టెలె రూపొందించిన సోనార్ లెన్సులు చీకట్లో కూడా చూడగలవని పేరు. ఇక పోటీయే పోటీ. క్యాటలాగు చేతిలో పట్టుకుంటే మనకి లేని అవసరాలు ఒక్కొక్కటే గుర్తుకొస్తాయి. నేను పుట్టి పెరిగిన ఊళ్లో కొండ లేదు. అయినా ఆ మౌంటెన్ ఎల్మార్ బొమ్మ చూసినప్పుడల్లా, శేషాచలం ఎక్కేటప్పుడు చేతిలో ఉంటే బాగుండునే అనిపిస్తుంది. మెట్లెక్కి తిరుమల వెళ్లి ఎన్నేళ్లయిందో చెప్పను.

ఇక్కడ మా మాస్టారి సంగతి చెప్పాలి. డిగ్రీ చదివే రోజుల్లో సాయంత్రాలు ఒక ఫోటో స్టూడియోలో పనిచేశాను. జీతం లేదు, కాఫీ ఉండేది. మాస్టారి దగ్గర యాషికా మ్యాట్ 124జి ఉండేది. పైనుంచి తల వంచి చూసే కెమెరా, ఒకదాని మీద ఒకటి రెండు కళ్లు. పై కన్ను చూడ్డానికి, కింది కన్ను తీయడానికి. తీసేది 80 మిల్లీమీటర్లది, నాలుగు గాజుముక్కల లెన్సు. జేనాలో 1902లో జైస్ వాళ్లు చేసిన టెస్సార్ పోలికే అది. పేటెంటు గడువు తీరాక ఆ టెస్సార్ అచ్చులో లోకమంతా లెన్సులు పోసుకుంది, మన పెళ్లిళ్ల ఫోటోలు దాని మనవల చేతుల మీదుగా నడిచాయి.

ఆ కెమెరాలో రోలుకి 12 బొమ్మలు. మామూలు పెళ్లికి రెండు రోల్సు బేరం. మాస్టారు బస్సులోనే లెక్క కట్టేసేవారు: "కన్యాదానం ఒకటి, జీలకర్ర బెల్లం ఒకటి, తాళి రెండు, ఒకటి పోయినా ఒకటి మిగలాల. తలంబ్రాలు రెండు. అప్పగింతలు ఒకటే తియ్, ఏడుపులు ఎవురూ కొనరు." మిగిలినవి గ్రూపులకి. మేనమామ వరస వాళ్లు అలిగితే ఇంకొకటి. పందిరి గుంజకి వీపు ఆనించి, ముందుకో వెనక్కో రెండడుగులు వేసి, అన్నీ ఆ ఒక్క లెన్సుతోనే తీసేవారు. వందల పెళ్లిళ్లు. ఇంకో లెన్సు ఉంటే బాగుండునని ఆయన నోట ఎప్పుడూ వినలేదు.

చాలాకాలం దాన్ని మాస్టారి వైరాగ్యమనే అనుకున్నాను. ఇప్పుడు అనుకోను. ఆ కెమెరాకి లెన్సు ఊడదు, అంతే. తృప్తి కెమెరాలో ఉంది, మాస్టారు దాన్ని వాడుకున్నారు. ఫ్లాష్‌లైట్ల విషయంలో ఆయనకీ నాలాంటి పిచ్చే ఉండేదని చెబితే నా మాట నమ్ముతారు. నాలుగు కొన్నారు, మూడు పనిచేసేవి కావు.

ఉద్యోగంలో చేరాక నేను లెన్సు ఊడే కెమెరా కొన్నాను. అదే నా పతనం. అది రష్యా జెనిట్. విశాలాంధ్ర వాళ్ల దగ్గర రష్యా పుస్తకాలు చవగ్గా దొరికినట్టే, ఆ దేశంతో మనకున్న రూపాయి వ్యాపారం పుణ్యమా అని జెనిట్లూ మనకి అందే ధరలో ఉండేవి. దాని ముందున్న హీలియోస్ 58 మిల్లీమీటర్ల లెన్సు కూడా జేనా చుట్టమే. యుద్ధం ముగిశాక సోవియట్ వాళ్లు నష్టపరిహారం కింద జర్మనీ నుంచి యంత్రాలూ నమూనాలూ పట్టుకెళ్లారు. జైస్ వాళ్ల బయోటార్ అక్కడికెళ్లి హీలియోస్ అయింది, సోనార్ వెళ్లి జూపిటర్ అయింది, కాంటాక్స్ వెళ్లి కీవ్ అయింది. జెనిట్‌కున్న 42 మిల్లీమీటర్ల మరచుట్టు తూర్పు జర్మనీ కెమెరాలకీ, జపాన్ పెంటాక్స్‌కీ కూడా ఉండేది. అంటే మూడు దేశాల లెన్సులు నా ఒక్క కెమెరాకి సరిపోతాయి. ఈ ముక్క ఎవరో చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సరిపోతాయి సరే, దొరకాలి కదా. ఆ రోజుల్లో విదేశీ సామాను దిగుమతికి లైసెన్సు, దాని మీద భారీ సుంకం. మామూలు ఇళ్లలో కెమెరా అంటే బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ 3. నెల్లూరు వాళ్లకి ఒకటే దారి, మద్రాసు రైలెక్కి బర్మా బజారుకి పోవడం. బర్మాలో 1962లో సైన్యం గద్దెనెక్కాక అక్కడి నుంచి కట్టుబట్టలతో తిరిగొచ్చిన వాళ్లు హార్బరు దగ్గర పేవ్‌మెంటు పొడుగునా పెట్టుకున్న కొట్లు అవి. టేప్‌రికార్డర్లు, సెంట్లు, గొడుగుల మధ్య అద్దాల పెట్టెలో నాలుగైదు లెన్సులు. 1984లో అక్కడ సగం జీతం పోసి పెంటాక్స్ వాళ్ల 135 మిల్లీమీటర్ల టకుమార్ లెన్సు కొన్నాను. గూడూరు దాటేదాకా ఒళ్లోంచి దించలేదు.

దానితో ఏం తీశానంటారా? గోడ మీద కాకి, పక్కవీధి నీళ్ల ట్యాంకు, మళ్లీ కాకి. ఆ తర్వాత ఎంతో ప్రేమగా తోలుసంచీలో పెట్టి బీరువాలో దాచాను. లెన్సుని తోలులో దాచకూడదని అప్పటికి తెలియదు, తోలు చెమ్మ పట్టి ఉంచుతుంది. మాకు వానలు కార్తీకంలో, తుఫానులతో కలిపి వస్తాయి. రెండు వానాకాలాలు గడిచాక తీసి టార్చి వేసి చూస్తే లోపలి గాజు మీద సాలెగూడు అల్లినట్టు బూజు. తుడిస్తే పోయేది కాదు, గాజు పైపూతని తినేస్తుంది. వాడితే బూజు పట్టేది కాదు. వాడే పని నాకు లేదు, కొనే పనే ఉంది. ఆ రోజు కూడా నాకు రావాల్సిన బుద్ధి రాలేదు. ఇంకొకటి కొనడానికి కారణం దొరికిందనుకున్నాను.

1991 తర్వాత తలుపులు బార్లా తెరుచుకున్నాయి. బర్మా బజారుకి వెళ్లాల్సిన పని లేదు, వీధి చివర షోరూములోనే దొరుకుతోంది. మా తరం వాళ్లం ఇరవై ఏళ్లు నోరు కట్టుకుని ఒక్కసారిగా విందులో కూర్చున్నట్టు కొన్నాం. ఆకలి తీరినా వడ్డించుకుంటూనే ఉన్నాం. కంపెనీలు కూడా మన విస్తరి ఖాళీగా ఉండనివ్వవు. క్యానన్ వాళ్లు 1987లో పాత బిగింపు తీసేసి కొత్తది పెట్టారు, పాత లెన్సులు కొత్త కెమెరాకి ఎక్కవు. 2018లో మళ్లీ ఇంకొకటి పెట్టారు.

పరదేశాల్లో దీనికో పేరు కూడా ఉంది. స్టీలీ డాన్ బృందంలోని వాల్టర్ బెకర్ 1990ల్లో గిటార్లు కొంటూనే ఉండే జబ్బుకి సరదాగా మూడక్షరాల పేరు పెట్టాడు. ఫోటోగ్రాఫర్లు దాన్ని అరువు తెచ్చుకుని గిటారు స్థానంలో తమ సామాను పెట్టుకున్నారు. ఆ మూడక్షరాలు కలిపి చదివితే గ్యాస్. మా ఆవిడకి చెబితే, "మీకు రెండు రకాలూ ఉన్నాయి" అంది.

అయితే ఈ జబ్బు అందరికీ లేదు. క్యానన్ వాళ్లు 2019లో ఒక లెక్క చెప్పారు. అప్పటిదాకా చేసిన ఈఓఎస్ కెమెరాలు 10 కోట్లు, వాటి లెన్సులు 14 కోట్లు. భాగించి చూడండి, కెమెరాకి 1.4 లెన్సులు. అంటే చాలామంది పెట్టెతో వచ్చిన లెన్సుని జన్మలో ఊడదీయలేదు. సున్నా చెక్కిన తలుపు తెరిచే ఉన్నా వాళ్లు గడప దాటలేదు. మిగిలిన ఆ నాలుగు కోట్లలో మావాటా తలా ఇరవై.

నా 23లో సగానికి పైగా ఈ పదేళ్లలో చేరినవే, అదీ పాతవి. అద్దం లేని కొత్త డిజిటల్ కెమెరాల్లో లెన్సుకీ లోపలి పలకకీ మధ్య దూరం బాగా తక్కువ. మధ్యలో ఒక లోహపు చుట్టు పెడితే చాలు, లైకా మరచుట్టు, జెనిట్ మరచుట్టు, అన్నీ ఎక్కుతాయి. కొన్ని వందల రూపాయల చుట్టు. అది కొన్నాక మరీ అదుపు తప్పాను. అలా వచ్చినదే 50 మిల్లీమీటర్ల సూపర్ టకుమార్. గాజులో థోరియం కలిపిన రకం. ఏళ్లు గడిచేకొద్దీ గాజు టీ రంగుకి తిరుగుతుంది. దానికి మందు ఎండే, వారాల తరబడి ఎండ. ఎండకి నెల్లూరులో కరువేముంది? మేడ మీద ఒడియాలు ఎండబెట్టిన పాతచీర అంచున రెండు ఇటుకముక్కల మీద పెట్టొచ్చాను. మధ్యాహ్నానికి ఆవిడ కేక. చీరకి శనగగింజంత చిల్లు, చుట్టూ నల్లటి అంచు, పక్కన రెండు ఒడియాలు మాడి ఉన్నాయి. భూతద్దం సంగతి ఎనిమిదో తరగతిలోనే చదువుకున్నాను, కుంభాకార కటకం పాఠంలో. లెన్సు మాత్రం నెలరోజులకి తేటగా తేరుకుంది.

చెదలమందు రోజున అన్నీ దుప్పటి మీద ఉండగానే ఒక పని చేశాను. ఏది ఎంత వాడానో తేల్చుకుని, వాడనివి వదిలించుకుందామని కంప్యూటరు తెరిచాను. డిజిటల్ బొమ్మ వెనక లెన్సు వివరం రాసుంటుంది కదా. కొత్త లెన్సులవి రాసే ఉంది. పాతవాటితో తీసిన బొమ్మలు వేలల్లో ఉన్నాయి. ఆ లెన్సుల్లో కెమెరాతో మాట్లాడే తీగలుండవు కాబట్టి వాటన్నిటికీ ఒకటే రాసుంది: 0 మిల్లీమీటర్లు.

మేడ మీద మనవరాలు ఒడియం దొంగిలిస్తూ నావైపు చూసిన బొమ్మ వచ్చింది. ఆవిడ ఆగి, "ఇది బావుందండీ, ఏ లెన్సుది?" అంది. తెర దగ్గరగా పెట్టుకుని చూశాను. వెనక మసకని చూశాను, జుట్టు అంచులు చూశాను. హీలియోసా, టకుమారా, జూపిటరా? నలభై ఏళ్లుగా వీటి తేడాల గురించి వినేవాళ్లు దొరికితే గంటల తరబడి మాట్లాడిన మనిషిని నేను.

"తెలియడం లేదు" అన్నాను.

ఆవిడ ఏమీ అనలేదు. ముందువరసలోంచి ఒకటి తీసి పక్కన పెట్టి, మిగిలినవి బియ్యం డబ్బాలో సర్దడం మొదలుపెట్టింది.