డీజిల్ తాగిన బడి

కెనడాలో జేమ్స్ అఖాతం పడమటి ఒడ్డున అట్టవాపిస్కాట్ అనే క్రీ ఆదివాసీ జాతి వాళ్ల ఊరుంది. ఏడాది పొడుగునా నడిచే రోడ్డు ఆ ఊరికి లేదు. చలికాలంలో అంతా గడ్డకట్టాక మంచు మీదే దారి వేసుకుంటారు. మిగతా రోజుల్లో విమానమే దిక్కు, వేసవిలో సరుకుల పడవ.

ఆ ఊళ్లో 1976లో జె.ఆర్. నకోగీ ప్రాథమిక పాఠశాల కట్టారు. ఎముకలు కొరికే ఆ చలిలో పిల్లలు కూర్చోవాలంటే గదులు వెచ్చగా ఉండాలి. ఆ వెచ్చదనానికి డీజిల్ కావాలి.

మూడేళ్లు నిండాయో లేదో, 1979లో బడి కిందుగా పోయే డీజిల్ గొట్టం చీలింది. వేల గ్యాలన్లు నేలలోకి ఇంకాయి. గదుల్లో వాసన. పిల్లలకు తలనొప్పి, వికారం. అయినా బడి నడిచింది, ఏకంగా 21 ఏళ్లు! చిన్నప్పుడు ఆ వాసన పీల్చినవాళ్లే పెద్దవాళ్లై, తమ పిల్లల్నీ ఆ గదుల్లోకే పంపాల్సి వచ్చింది. చివరికి 2000 మేలో తల్లిదండ్రులు ఇక పంపం అన్నారు. బడి మూతపడింది.

తాత్కాలికం అంటూ పాత బడి పక్కనే పోర్టబుల్ గదులు తెచ్చి పెట్టారు. చలి ప్రాంతపు బడి ఎలా ఉండకూడదో చూడాలంటే వాటినే చూడాలి. గదులన్నీ ఒకే కప్పు కింద ఒదిగి ఉంటే బయటి గోడలు తగ్గుతాయి, వేడి నిలుస్తుంది. ఇక్కడ ప్రతి గదికీ నాలుగు గోడలూ చలిలోనే. రెండు తలుపుల మధ్య చిన్న గది ఉంటే లోపలి వేడి లోపలే ఉంటుంది. ఇక్కడ తలుపు తీస్తే మంచుగాలి నేరుగా బల్లల మీదికే. ఒక గదిలోంచి ఇంకో గదికి వెళ్లాలంటే పిల్లలు కోటు, బూట్లు తొడుక్కోవాలి, అక్కడ విప్పాలి, మళ్లీ తొడుక్కోవాలి. హీటరు ఆగిపోతే కోటులోనే పాఠం.

ప్రభుత్వానికి ఈ లెక్క తెలియక కాదు. బడికి కావలసిన ఇంధనం సగమైతే ట్యాంకూ చిన్నదవుతుంది, కారినా నష్టం తగ్గుతుంది. వేడి నిలిచేలా కట్టడానికి మొదట ఖర్చెక్కువ. ఆ ఖర్చు పెట్టే మనసే రాలేదు, కొత్త బడి మాట ప్రభుత్వాలు మారినా వాయిదా పడుతూనే వచ్చింది.

2008లో ఎనిమిదో తరగతి పిల్లలు నయాగరా విహారయాత్ర మానుకుని, రాజధాని ఒట్టావా వెళ్లి ఆదివాసీ వ్యవహారాల మంత్రి చక్ స్ట్రాల్‌ను కలిశారు. డబ్బు లేదన్నాడాయన. వాళ్లలో ముందు నిలిచిన షానెన్ కూస్టాచిన్ పై చదువుకు ఊరు విడిచి దూరం వెళ్లింది. 2010లో కారు ప్రమాదంలో పోయింది. అప్పటికి పదిహేనేళ్లు.

ఈలోగా 2009లో పాత బడిని కూల్చారు. నేలలో అణిగిన డీజిల్ ఆవిర్లు మళ్లీ లేచి, పక్క గదుల్లో పిల్లలు జబ్బుపడ్డారు. 2012 ఫిబ్రవరిలో ఆదివాసీ పిల్లల బడుల మీద షానెన్ పేరుతో సాగిన ఉద్యమం కోరిన తీర్మానానికి కెనడా పార్లమెంటు ఏకగ్రీవంగా ఓటేసింది.

కొత్త బడి 2014లో తెరిచారు. 2000లో పోర్టబుల్ గదిలో అక్షరాలు దిద్దిన పిల్లలు అప్పటికే ప్రాథమిక చదువు ముగించేశారు, సొంత ఊళ్లో అసలైన బడి గడప తొక్కకుండానే.