నాంది నుండి వాంకూవరుకు ఎంత దూరం?

ఫిజీలోని నాందికీ కెనడాలోని వాంకూవరుకూ మధ్య ఆకాశమార్గాన దూరం సుమారు 9,450 కిలోమీటర్లు. 2022 నవంబరులో ఫిజీ ఎయిర్‌వేస్ వారు ఈ రెండు నగరాల మధ్య ఎక్కడా ఆగని విమానాన్ని ప్రారంభించారు. ప్రయాణకాలం సుమారు 11 గంటలు. మధ్యలో దినరేఖ దాటుతాము గనుక, నాందిలో రాత్రి పది గంటలకు ఎక్కినవారు అదే తేదీ మధ్యాహ్నమే వాంకూవరులో దిగుతారు. పిల్లలకు ఇది ఒక వింత. పెద్దలమైన మాకు ఇందులో మన జాతి చరిత్ర కనిపిస్తున్నది.

మద్రాసు రేవు నుండి మన పూర్వీకులు గిర్మిట్ మీద ఫిజీకి రావడం 1903లో మొదలైనది. విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు మొదలైన జిల్లాలవారు అందులో ఉన్నారు. ఆవిరి ఓడలో ప్రయాణం సుమారు నెల రోజులు. గిర్మిట్ గడువు ఐదేండ్లు. ఆపై మరి ఐదేండ్లు అక్కడే ఉంటే గాని తిరుగు ప్రయాణానికి ఉచిత టిక్కెట్టు లభించేది కాదు. కాబట్టి చెరకు తోటలోని మన తాతలకు స్వగ్రామం నెల రోజుల దూరం కాదు, పదేండ్ల దూరం.

ఇక కెనడా సంగతి. ఆ రోజుల్లోనే సిడ్నీ నుండి వాంకూవరు వెళ్ళే ఓడలు సువా, హోనోలూలూ రేవులలో ఆగేవి. సువా నుండి వాంకూవరుకు సుమారు రెండు వారాలు. దారి ఉన్నది, ఓడ ఉన్నది. అయితే 1908లో కెనడా ప్రభుత్వం ఒక నిబంధన చేసింది. వలస వచ్చేవారు తాము పుట్టిన దేశం నుండి గాని, పౌరులుగా ఉన్న దేశం నుండి గాని, అక్కడే కొన్న టిక్కెట్టుతో, మధ్యలో ఆగకుండా రావలెను. భారతదేశం నుండి అటువంటి ప్రయాణం దొరకకుండా చేశారు. ఆ నిబంధన ప్రకారం, మద్రాసులో పుట్టి సువాలో ఉన్న కూలీకి కళ్ళెదుట ఓడ ఉన్నా లాభం లేదు. 1914 మే 23న 376 మందితో వాంకూవరు చేరిన కోమగాట మారు ఓడను రెండు నెలలు రేవులోనే నిలిపి, జూలై 23న వెనుకకు పంపివేశారు.

ఈ నిబంధన 1947లో రద్దయినది. 1949లో కెనడియన్ పసిఫిక్ వారి విమానాలు వాంకూవరు నుండి ఫిజీ మీదుగా సిడ్నీకి నడవసాగాయి. 1967లో కెనడా జాతిని బట్టి గాక, చదువు, పని, భాష వంటి అర్హతలకు మార్కులు వేసే పద్ధతి తెచ్చింది. 1987లో ఫిజీలో రెండు సైనిక తిరుగుబాట్లు జరిగిన తరువాత మనవారు ఎందరో సర్రే, బర్నబీ ప్రాంతాలకు తరలి వచ్చారు. సముద్రం వెడల్పు మారలేదు, చట్టం మారింది. దూరాన్ని కిలోమీటర్లలో మాత్రమే కొలవరాదని మేము అనేది ఇందుకే.

పాఠకులారా! ఫిజీ జాతీయ పత్రాగారంలో గిర్మిట్ వారి ఎమిగ్రేషన్ పాసులు ఉన్నాయి. వాటిపై ఓడ పేరు, జిల్లా, గ్రామం ఇంగ్లీషు అక్షరాలలో, చాలాచోట్ల తప్పులతో, రాసి ఉంటాయి. ఈసారి ఫిజీకి వెళ్ళినప్పుడు మీ ఇంటి పెద్దల పాసును వెదకండి. ఆ ఊరి పేరును సరిగా పోల్చుకొని, మీ పిల్లల చేత తెలుగులో రాయించండి.