ఒప్పందంలోని గది

2020 జనవరిలో వరంగల్లు చెంత మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ సంస్థల కేంద్రాలు ప్రారంభమయ్యాయి. మూడు నెలలు నిండకముందే లాక్‌డౌన్ వచ్చిపడింది. ఓరుగల్లు చరిత్ర అనగానే కోట, తోరణాలు తలచుకుంటాం గానీ, ఆ మార్చి నెలను కూడా రాసిపెట్టుకోవాలని నాకు అనిపిస్తుంది.

విదేశీ బ్యాంకో, బీమా సంస్థో తన కంప్యూటరు పనిని మన దేశపు కంపెనీకి అప్పగించేటప్పుడు, తన సర్వర్లను ఎవరు, ఏ గదిలో కూర్చుని, ఏ యంత్రం మీద, ఎంతమేరకు తెరవవచ్చునో ఒప్పందంలో రాయించుకుంటుంది. కొన్ని గదుల్లోకి సెల్‌ఫోనే కాదు, కాగితం, కలం సైతం తీసుకుపోరాదు. పరీక్ష హాలు నయం, కలమైనా ఉంటుంది!

మార్చిలో ఆ గదులకు తాళాలు పడ్డాయి. పని తెలిసిన ఉద్యోగి ఇంట్లో ఉన్నాడు, నెట్టూ ఉంది. కానీ ఆ గది దాటితే, ఒప్పందం దృష్టిలో అతడు పరాయివాడే. దేశమంతటా ఐటీ కంపెనీలు క్లయింట్ల అనుమతి కోసం పరుగులు పెట్టాయి. ఆఫీసు డెస్క్‌టాప్‌లను ఉద్యోగుల ఇళ్లకు చేరవేశాయి.

సర్కారు నిబంధనలూ అడ్డే. ఇంటినుంచి పనికి కావలసిన పూచీ డిపాజిట్టును టెలికాం శాఖ మార్చి 13న తాత్కాలికంగా సడలించింది. నవంబరు 5న డేటా సేవల సంస్థలను ఆ నిబంధనల పరిధి నుంచే తప్పించింది. ఏళ్లుగా కంపెనీలు కోరుతున్న మార్పుకు ఒక మహమ్మారి రావలసివచ్చింది.