మాటలు లేని పాటకు కర్తలెవరు?

గ్రామఫోను రికార్డు మీద పాట పేరు కింద, కుండలీకరణాల్లో చిన్న అక్షరాలతో ఒకటి రెండు పేర్లుంటాయి. పాడినవారి పేరు పెద్దగా ఉంటుంది గనుక వాటిని చదివేవారు తక్కువ. పాటలో సాహిత్యముంటే ఎవరు రాశారన్న ప్రశ్నయినా పుడుతుంది. కేవలం వాద్యసంగీతమైతే ఆ ప్రశ్న కూడా రాదు.

1961లో అమెరికా రేడియోలలో మారుమ్రోగిన "మెక్సికో" అలాంటిదే. బాబ్ మూర్ వాద్యబృందం మాన్యుమెంట్ కంపెనీకి వాయించిన ఆ రికార్డు బిల్‌బోర్డ్ పట్టికలో 7వ స్థానానికి ఎక్కింది. ట్రంపెట్లు ముందు నడిచే ఆ బాణీ కట్టినవారు బూడ్లో బ్రయంట్. విశేషమేమంటే, ఆయనా ఆయన భార్య ఫెలీసూ పేరు తెచ్చుకున్నది మాటలున్న పాటలతో.

బూడ్లో 1920లో జార్జియా రాష్ట్రంలో పుట్టారు. శాస్త్రీయంగా వయొలిన్ నేర్చి, 1938లో అట్లాంటా ఫిల్‌హార్మోనిక్‌లో వాయించి, తర్వాత పల్లె బాణీల వైపు మళ్ళారు. 1945లో మిల్వాకీలోని ష్రోడర్ హోటల్లో కచేరీకి వెళ్ళినపుడు అక్కడ లిఫ్టు నడిపే ఉద్యోగంలో ఉన్న మటిల్డా స్కడూటో పరిచయమైంది. కొద్ది రోజుల్లోనే పెళ్ళయింది. ఫెలీస్ అన్నది ఆయన పెట్టుకున్న ముద్దుపేరు. ఆమె సంగీతం ఎక్కడా నేర్చుకోలేదు, అయినా మాటలూ రాగాలూ రెండూ కట్టేది. "ఈయన రాగం, ఆమె సాహిత్యం" అని వారి పనిని పంచి చెప్పడానికి వీల్లేదు.

1950లో నాష్‌విల్ చేరారు. ఆ ఊళ్ళో అప్పటికి పాటలు రాసేవాళ్ళు చాలామంది పాడేవాళ్ళు కూడా. పాడకుండా, రాయడమే జీవనాధారంగా పెట్టుకున్న తొలివారు వీరేనంటారు. రాసిన ప్రతి పాటనూ కోమటి కొట్టు పద్దుల్లాగా లెడ్జరు పుస్తకాల్లోకి ఎక్కించేవారు. "బై బై లవ్" పాటను దాదాపు 30 మంది వద్దన్నాక, 1957లో ఎవర్లీ సోదరులు పాడితే దేశమంతా పాడింది.

ఇక డబ్బు సంగతి. అమెరికా చట్టం ప్రకారం రేడియోలో రికార్డు వేసినపుడు రుసుము ముట్టేది పాట కట్టినవారికీ, ప్రచురణకర్తకూ. వాయించినవారికి ఏమీ రాదు. ఈ నియమం ఇవాళ్టికీ మారలేదు. అమ్మిన ప్రతి రికార్డుకూ పాటకు 2 సెంట్లన్నది 1909 నుంచి 1978 దాకా నడిచిన చట్టబద్ధమైన రేటు. ఇందులో మాటలున్నాయా లేవా అన్న పట్టింపు లేదు. 1953లో చెట్ ఆట్కిన్స్ గిటారు మీద వాయించిన "కంట్రీ జెంటిల్‌మన్"లోనూ బూడ్లో భాగస్వామి. అంటే ఎవరూ చదవని ఆ కుండలీకరణమే ఆ ఇంటి పొయ్యి వెలిగించింది! దంపతులు 1967లో "హౌస్ ఆఫ్ బ్రయంట్" అనే సొంత ప్రచురణ సంస్థ పెట్టుకున్నారంటే ఊరికే కాదు.

ఆ ఏడాదే గాట్లిన్‌బర్గ్‌లో ఒక సత్రంలో బసచేసి, పెద్దవాళ్ళ కోసం వరసగా నిదానపు పాటలు రాస్తున్నారు. విసుగెత్తిన ఫెలీస్ కాస్త హుషారైనది కావాలని పట్టుబట్టింది. పది నిమిషాల్లో "రాకీ టాప్" తయారయింది. 1972 నుంచి టెన్నెసీ విశ్వవిద్యాలయపు బ్యాండు ఫుట్‌బాల్ ఆటల్లో దాన్ని మాటల్లేకుండా వాయిస్తుంటే, మాటలు జనమే అందుకుంటారు. అక్కడ చదివిన మన పిల్లల నడగండి, తప్పక తెలిసి ఉంటుంది. 1982లో అది ఆ రాష్ట్ర గీతాల్లో ఒకటయింది.

"రాకీ టాప్" కింద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. "మెక్సికో" కింద బూడ్లో పేరొక్కటే. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర పనిచేసేవారి విషయంలో ఆ తేడాను మరీ గట్టిగా పట్టుకోకూడదని నా అభిప్రాయం. బూడ్లో 1987లో మరణించారు. 1991లో నాష్‌విల్ కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆ దంపతులను జంటగానే చేర్చుకుంది. ఫెలీస్ 2003 దాకా జీవించారు. హెర్బ్ ఆల్పర్ట్ 1962 నాటి "ద లోన్లీ బుల్" ఎల్పీలోనూ "మెక్సికో" ఉంది. మీ ఇంట అటక మీద ఆ రికార్డుంటే ఒకసారి దించి, పాట పేరు కింద చూడండి.