లెవెన్‌వర్త్ (కాన్సస్)

లెవెన్‌వర్త్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కాన్సస్ రాష్ట్రానికి చెందిన ఒక చిన్న నగరము. ఇది మిస్సోరీ నది పశ్చిమ తీరమున, కాన్సస్ సిటీకి వాయవ్యంగా సుమారు 40 కి.మీ. దూరంలో ఉన్నది. 2020 జనగణన ప్రకారం జనాభా 37,351. నగర ఉత్తర భాగాన ఫోర్ట్ లెవెన్‌వర్త్ సైనిక స్థావరం ఉన్నది. ఇక్కడి ఇళ్ళ అద్దెలు, రాకపోకలు, స్నేహాలు చాలావరకు ఈ స్థావరాన్ని అనుసరించే నడుస్తాయి.

చరిత్ర

1827లో కర్నల్ హెన్రీ లెవెన్‌వర్త్ ఇక్కడ కోటను నెలకొల్పాడు. 1854లో కోటకు దక్షిణాన పట్టణం వెలసింది. 1855లో కాన్సస్‌లో మొట్టమొదటి పురపాలక సంఘంగా ఏర్పడినందున దీనిని "మొదటి నగరం" అని పిలుస్తారు. నల్లజాతి సైనికులతో కూడిన 10వ అశ్వికదళం 1866లో ఈ కోటలోనే ఏర్పడింది. 1881లో జనరల్ షెర్మన్ స్థాపించిన పాఠశాల క్రమంగా నేటి కమాండ్ అండ్ జనరల్ స్టాఫ్ కళాశాల అయినది. భారత సైన్యాధిపతులుగా పనిచేసిన కృష్ణస్వామి సుందర్జీ, బిపిన్ రావత్ ఈ కళాశాలలో చదివినవారే.

నివాసము

కళాశాల ప్రధాన శిక్షణ సుమారు పది నెలలు సాగుతుంది. అందువలన ప్రతి వేసవిలో అనేక కుటుంబాలు ఊరు విడిచి వెళ్ళగా, అన్ని కొత్త కుటుంబాలు వస్తాయి. అద్దె ఇళ్ళకు గిరాకీ కూడా అప్పుడే ఎక్కువ. సైనికులకు ఇంటి అద్దె భత్యం హోదాను, కుటుంబాన్ని, ఉద్యోగ స్థలాన్ని బట్టి నిర్ణయమవుతుంది. కోట లోపల ఇల్లు తీసుకొన్నవారి భత్యం, ఆ ఇళ్ళను నిర్వహించే ప్రైవేటు సంస్థకు అద్దెగా చేరుతుంది. బయట ఉండగోరువారు నగరంలో ఇల్లు వెదుక్కోవాలి.

నగరంలో 19వ శతాబ్దపు ఇటుక ఇళ్ళు, వసారాలు గల చెక్క ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఇవి చూడముచ్చటగా ఉన్నా, శీతాకాలంలో వెచ్చదనానికి అయ్యే ఖర్చును ముందుగా తెలుసుకోవడం మంచిది. 1978కి పూర్వం కట్టిన ఇళ్ళలో సీసం కలిసిన రంగులు ఉండవచ్చును. ఆ సంగతి తెలిసిన యజమాని ఒప్పందానికి ముందే చెప్పాలని కేంద్ర చట్టం నిర్దేశిస్తుంది. సుడిగాలులు వచ్చే ప్రాంతం గనుక ఇంటికి నేలమాళిగ ఉన్నదో లేదో చూసుకోవాలి.

అద్దె చట్టాలు

కాన్సస్ చట్టం ప్రకారం సామాను లేని ఇంటికి డిపాజిట్టు ఒక నెల అద్దెకు మించరాదు. సామానుతో ఇచ్చే ఇంటికి ఒకటిన్నర నెలల అద్దె పరిమితి. పెంపుడు జంతువులుంటే మరో అర నెల అద్దె అడుగవచ్చును. ఇంటిలో చేరిన 5 రోజులలోగా యజమాని, అద్దెదారు కలిసి ఇంటి స్థితిని వ్రాతపూర్వకంగా నమోదు చేయాలి. తిరిగి వెళ్ళేటప్పుడు డిపాజిట్టు తగాదా వస్తే ఈ పత్రమే ఆధారం. చివరి నెల అద్దెకు డిపాజిట్టును సర్దుకొనే అద్దెదారు దానిపై హక్కు కోల్పోతాడు.

బదిలీ ఉత్తర్వులు వచ్చిన అమెరికా సైనికులకు 2003 నాటి కేంద్ర చట్టం రక్షణ కల్పిస్తుంది. 90 రోజులు లేక అంతకు మించిన మోహరింపుకూ ఇది వర్తిస్తుంది. ఉత్తర్వుల నకలుతో లిఖితపూర్వకంగా తెలిపితే, తరువాతి అద్దె గడువు నుండి 30 రోజులకు ఒప్పందం ముగుస్తుంది. ఉదాహరణకు అద్దె ప్రతి నెల మొదటి తేదీన చెల్లించవలసి ఉండి, మే 10న నోటీసు ఇస్తే జూలై 1న బాధ్యత తీరుతుంది.

అయితే ఈ రక్షణ అమెరికా సైనికులకు ఉద్దేశించినది. శిక్షణకు వచ్చే విదేశీ అధికారులు, సైన్యంతో సంబంధం లేని స్థానికులు దీని పరిధిలోకి రారు. కనుక పది నెలలకే వచ్చే విదేశీ కుటుంబాలు గడువును, ముందుగా ఖాళీ చేసే నిబంధనను ఒప్పందంలోనే వ్రాయించుకోవడం అవసరము. సంవత్సరం ఒప్పందంపై సంతకం చేసి పదవ నెలలో వెళ్ళిపోయేవారిని, మిగిలిన రెండు నెలల అద్దె బాధ్యత వెంటాడవచ్చును.