మలేరియా: గాలి మీద పడిన నింద

ఇటాలియన్ భాషలో ‘మాలా’ అంటే చెడ్డ, ‘ఆరియా’ అంటే గాలి. చిత్తడి నేలల కుళ్లు గాలి పీలిస్తే జ్వరం వస్తుందని పూర్వం అక్కడివారు నమ్మేవారు. మనవాళ్లు వణుకును బట్టి చలిజ్వరం అన్నారు, చోటును బట్టి మన్యపు జ్వరం అన్నారు.

1897లో సికింద్రాబాద్‌లో వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. అది ఒంట్లోకి ఎక్కే దారి చూపింది మాత్రం పిట్టలే. 1898లో కలకత్తాలో పిట్టల మలేరియా సోకిన క్యూలెక్స్ దోమల లాలాజల గ్రంథుల్లో సన్నటి దారప్పోగుల్లాంటి క్రిములు అతనికి కనిపించాయి. ఆ దోమలు కుట్టిన పిచ్చుకలకూ జబ్బు అంటుకుంది. ఆ క్రిమి ప్లాస్మోడియం రెలిక్టమ్. అది మనుషులకు సోకదు.

నేరం దోమదని తేలి నూరేళ్లు దాటినా, పేరులో నింద ఇంకా గాలి మీదే ఉంది.